అన్నపూర్ణ రాని కాశి

కాశీలో వ్యాసుడికి అన్నం దొరకలేదు. శిష్యులను వెంటేసుకుని వీధి వీధీ తిరిగాడు. ఏ ఇల్లాలూ గడప దాటి వచ్చి భిక్ష వేయలేదు. ఇది శివుడు పెట్టిన పరీక్ష అని కథ చెప్పేవాడికి తెలుసు, వినేవాడికి తెలుసు. కడుపు కాలుతున్న ఆ పెద్దాయనకు మాత్రం తెలియదు. వేదాలను విభజించినవాడు, భారతం చెప్పినవాడు, నాలుగు పూటలు పస్తులుండేసరికి ఊరు ఊరంతటినీ శపించబోయాడు. అప్పుడొక పెద్ద ముత్తైదువ వాకిట్లోకి వచ్చి, ఇదేం బుద్ధయ్యా నీకు అని మందలించి, లోపలికి పిలిచి, శిష్యులతో సహా అందరికీ విస్తళ్లు వేసి వడ్డించింది. వాళ్లు తిని లేచాక శివుడు కనిపించి, ఇక ఈ ఊళ్లో ఉండొద్దు పొమ్మన్నాడు. శ్రీనాథుడు ఈ కథను కాశీఖండంలో చెప్పాడు. ఆ కావ్యాన్ని 15వ శతాబ్దంలో రాజమహేంద్రవరాన్ని ఏలిన రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. ఆయనదే భీమేశ్వర పురాణంలో, కాశి వదల్లేక వదిలి వచ్చిన వ్యాసుడు చేరుకున్నది మన దాక్షారామానికే.

గోదావరి గట్టున పుట్టి పెరిగినవాళ్లకి కాశి ఎంత దూరమో అంత దగ్గర. అందుకే కాబోలు, 'కల్కి 2898 ఏడీ' చూస్తున్నంతసేపూ నాకు ఆకలి మీదున్న ఆ వ్యాసుడే కళ్లముందు మెదిలాడు. నాగ్ అశ్విన్ చూపించిన కాశి ప్రపంచంలో మిగిలిన చివరి ఊరు. గంగ ఎండిపోయింది. తిండి లేదు, నీళ్లు లేవు, గాలి కూడా మంచిది కాదు. తలుపులు మూసుకున్న ఊళ్లో జనం తిరుగుతూనే ఉంటారు. శ్రీనాథుడి కథలో వ్యాసుడిని ఆదుకున్న ఆ ముత్తైదువ మాత్రం ఈ కాశీలో ఏ వాకిట్లోంచీ బయటికి రాదు. మూడు గంటల సినిమాలో ఎన్నో యుద్ధాలున్నాయి, ఎందరో పెద్ద నటులున్నారు, ఒక అవతార కథ ఉంది. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఆ లోటే. ఈ సినిమాలోని రసమంతా ఆ ఖాళీ వాకిట్లోంచే పుడుతోందని నా నమ్మకం.

ముందు ఆ ఊరిని చూడండి. నితిన్ జిహానీ చౌదరి కళాదర్శకత్వంలో కాశి మొత్తం తుప్పు రంగులో ఉంటుంది. ఇనుప రేకులు, పాత యంత్రాల ముక్కలు, తీగలు, గొట్టాలు, వాటి మధ్య పాత గోపురాల మొండేలు. సెర్బియా నుంచి వచ్చిన ఛాయాగ్రాహకుడు జోర్డ్యె స్టోయిల్కోవిచ్ ఈ ఊరికి పట్టపగలు అన్నదే లేకుండా చేశాడు. ఎప్పుడు చూసినా పొద్దు వాలినట్టో, దుమ్ము లేచినట్టో ఉంటుంది వెలుగు. కాశి అనగానే మన మనసులో కనిపించేది ఘట్టం, ఘట్టం అనగానే నీళ్లు. ఇక్కడ నది ఉండాల్సిన చోట దుమ్ము. గంగలో మునిగి లేస్తే పాపాలు పోతాయన్న నమ్మకం మీద నిలబడ్డ ఊళ్లో మునగడానికే ఏమీ లేకపోవడం ఎంత పెద్ద విషాదమో దర్శకుడు ఒక్క డైలాగు కూడా ఖర్చు పెట్టకుండా చెప్పాడు. పుష్కరాలకు రాజమహేంద్రవరంలో కోటగుమ్మం దాటి పుష్కరఘాట్ మెట్లు దిగినవాడికి ఆ దృశ్యం ఇంకొంచెం లోతుగా దిగుతుంది.

భయానక రసానికి స్థాయీభావం భయం, బీభత్సానికి జుగుప్స అని చదువుకున్నాం. కానీ ఈ కాశి మనల్ని ఒక్కసారిగా భయపెట్టదు, అసహ్యం కలిగించేదాన్ని ఎదురుగా పెట్టి చూడమనదు. అక్కడి జనం ఆ బతుక్కి అలవాటు పడిపోయారు. బేరాలాడతారు, అద్దె బాకీల గురించి కొట్లాడుకుంటారు. ప్రభాస్ పోషించిన భైరవ దగ్గర అద్దె రాబట్టుకోలేక ఇంటి ఓనరు బ్రహ్మానందం తిప్పలు పడుతుంటాడు, భైరవ బండి బుజ్జి కీర్తి సురేశ్ గొంతుతో దెప్పిపొడుస్తూ ఉంటుంది. హాస్యానికి భయానకం, కరుణ రెండూ విరోధి రసాలని ఆలంకారికులు కట్టడి చేశారు. ఆ కట్టడిని ఈ సినిమా తెలిసే దాటింది. దాటిన ప్రతిసారీ గెలవలేదు. మొదటి గంటలో కొన్ని చోట్ల నవ్వు రాదు, పైగా భయం కూడా పల్చబడిపోతుంది. కుదిరిన చోట మాత్రం గొప్పగా కుదిరింది. లోకం అంతమైపోయాక కూడా ఇంటి ఓనరు అద్దె అడుగుతూనే ఉంటాడన్న ఊహలో ఉన్న చలి, ఏ రాక్షసుడి కోరల్లోనూ లేదు.

తలెత్తితే కాంప్లెక్స్. తలకిందులుగా ఆకాశంలో తేలే పిరమిడ్. ఇంత సరళమైన, ఇంత ఘాటైన బొమ్మ తెలుగు సినిమాలో మరొకటి నేను చూడలేదు. పైన ధనికులు, కింద కూలీలు అన్న విభజన సినిమాకు కొత్తేమీ కాదు. 1927లోనే జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపోలిస్'లో పైనగరాన్నీ పాతాళాన్నీ కట్టి చూపించాడు. నాగ్ అశ్విన్ చేసిందల్లా పిరమిడ్‌ను తిరగేయడం. మామూలు పిరమిడ్‌కు అడుగున విశాలమైన పునాది ఉంటుంది, కష్టపడేవాళ్లంతా ఆ అడుగు వరసలో ఉంటారు, వాళ్ల భుజాల మీద పై వరసలు నిలబడతాయి. ఈ పిరమిడ్‌కు కింద పునాదే లేదు. నేలతో సంబంధం తెంచుకుని, వెడల్పంతా మబ్బుల్లో పెట్టుకుని, మొనను మాత్రం కాశి నెత్తిన గురిపెట్టి ఉంటుంది. భూమి మీది నీళ్లు, పచ్చదనం అన్నీ దానిలోకి వెళ్లిపోయాయి. లోపలికి వెళ్లాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. ఎవరైనా దాన్ని పడగొడితే బాగుండునని కిందివాళ్లలో చాలామంది అనుకోరు. తనకెలాగైనా లోపల చోటు దొరికితే చాలునని అనుకుంటారు.

డెల్టా రైతుకి ఈ బొమ్మకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ధవళేశ్వరంలో తలుపులు ఎత్తితే నీళ్లు ముందు ఎవరి చేలో పడతాయో, ఎవరి చేను దాకా వచ్చేసరికి కాలువ అడుగంటుతుందో అతనికి తెలుసు. వానాకాలం పంట సార్వాలో ఈ తేడా కనపడదు, వరద గోదారి అందర్నీ సమానంగానే ముంచుతుంది. అసలు సంగతి రెండో పంట దాళ్వాలో బయటపడుతుంది. నదిలో సహజంగా వచ్చే నీరు తగ్గిపోయి, సీలేరు నుంచి వదిలే నీటి కోసం అందరూ ఎదురుచూసే రోజుల్లో ఇరిగేషన్ వాళ్లు వంతులవారీ విధానం ప్రకటిస్తారు. సముద్రం వైపు శివారు చేలలో అప్పటికి వరి పొట్ట మీద ఉంటుంది. ఎగువన ఎవరో రాత్రికి రాత్రి కాలువకు అడ్డుకట్ట వేస్తారు. దిగువ రైతు టార్చిలైటు పట్టుకుని గట్టు వెంబడే తూము దాకా నడుస్తాడు. కాలువ కాపలా చూసే లస్కరు ఉన్నాడా, తలుపు ఎంత లేచి ఉంది, నీటి చప్పుడు ఎలా ఉంది, అన్నీ చూసుకుంటాడు. తన వంతు గడిచేదాకా అక్కడే కండువా పరుచుకుని నడుం వాలుస్తాడు. అయినా చేలో నెర్రెలు తీస్తే, మురుగు డ్రెయిన్‌కు అడ్డంగా క్రాస్‌బండ్ వేసి, ఆయిలింజను తెచ్చుకుని ఆ నీళ్లే తోడుకుంటాడు. కాంప్లెక్స్ అంటే హెడ్ లాకును మనిషి చేతికి అందకుండా ఆకాశంలో కట్టడమే. దాని కింద కాశి మొత్తం శివారు ఆయకట్టు అయిపోయింది. ఇక్కడ తూము దగ్గరకు నడిచి వెళ్లే దారైనా ఉంది, అక్కడ అదీ లేదు.

ఈ నేల ఎప్పుడూ ఇలాగే పచ్చగా ఉండేదని మన పిల్లలు అనుకుంటారు. 1830లలో ఇక్కడ కరువులు పడ్డాయి, 1839లో కోరంగి ఉప్పెన వచ్చింది. ఇంత నది పక్కనే సముద్రంలోకి పోతుండగా జనం తిండి లేక చనిపోయిన ప్రాంతం ఇది. ఇంజనీరు కాటన్ 1847లో గోదావరి మీద ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాక, నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం కట్టలు నిలిచాక, పది లక్షల ఎకరాలకు పైగా తడిసే డెల్టా తయారైంది. దేశానికి అన్నపూర్ణ అన్న బిరుదు ఆ తర్వాత వచ్చిందే. అంటే ఈ పచ్చదనం మనిషి పంచుకుంటేనే వచ్చింది, పంచుకోవడం ఆగితే పోతుంది. 'కల్కి' చూపించే ఎడారి మనకు దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తర్వాతి సంగతి మాత్రమే కాదు, రెండు వందల ఏళ్ల కిందటి సంగతి కూడా.

మాట వచ్చింది కాబట్టి గన్నవరం అక్విడక్టు గురించి చెప్పాలి. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించి నగరం లంకకు నీళ్లివ్వడానికి కాటన్ కాలంలోనే కట్టిన పని అది. నది మీద ఇంకో నదిని నడిపించడం ఆనాటికి ఎంత సాహసమో, కమానుల కింద నిలబడి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. ఆ లంకల గన్నవరంలోనే డొక్కా సీతమ్మగారు ఉండేవారు. 1841లో పుట్టి 1909లో పోయేదాకా, వేళ కాని వేళ ఎవరొచ్చినా, ఏ కులమని అడగకుండా పొయ్యి వెలిగించిన మనిషి. ఇప్పటి అక్విడక్టుకు ఆవిడ పేరే పెట్టారు. కాశీ కథలో వాకిట్లోకొచ్చిన ముత్తైదువను మన వాళ్లు కావ్యంలో చదివి ఊరుకోలేదు, కోనసీమలో కళ్లారా చూశారు. నాగ్ అశ్విన్ కాశీలో ఆవిడ లేకపోవడం నాకు అంత కొట్టొచ్చినట్టు కనపడటానికి ఇదొక కారణం.

నీళ్లు అందుకున్న ఆ నగరం లంకలోనే మరోటి జరిగింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయాయి. ఆ గొట్టంలో గ్యాస్ ఆ ఊరి పొయ్యిల కోసం పోవడం లేదు, కొండపల్లి దగ్గరి విద్యుత్కేంద్రం కోసం పోతోంది. అంతకుముందు 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 'కల్కి' విడుదలైంది 2024 జూన్ 27న, నగరం పేలుడుకు సరిగ్గా పదేళ్లకు. యాదృచ్ఛికమే, సందేహం లేదు. కానీ కాంప్లెక్స్ కింది లోకాన్ని ఎలా పీల్చుకుంటుందో తెరమీద చూస్తున్నప్పుడు, ఆ తేదీ తెలిసిన కోనసీమ మనిషి దాన్ని భవిష్యత్తు కథగా ఎలా చూడగలడు? కాలువ వచ్చినప్పుడు లంకలోకి నీళ్లు వచ్చాయి. పైపులైను వచ్చినప్పుడు లంక కిందినుంచి గ్యాస్ బయటికి పోయింది. రెండూ ఇంజనీరింగ్ పనులే. ఎవరి కోసం అన్న ఒక్క ప్రశ్న దగ్గరే రెండూ విడిపోతాయి. సినిమాలోని సామాజిక స్పృహ అంతా ఆ ప్రశ్నే.

కాంప్లెక్స్ నీటితో ఆగదు, ఆడవాళ్ల గర్భాల దాకా వెళుతుంది. గర్భం నిలవగల స్త్రీలను పట్టుకొచ్చి, వాళ్లకు పేర్లు తీసేసి అంకెలు తగిలించి, ప్రయోగశాలలో ఉంచి, గర్భంలోంచి సీరం తీస్తారు. గొట్టాల మధ్య ముడతలు పడి ఎండిపోయిన దేహంతో బతుకీడుస్తున్న, కాంప్లెక్స్‌ను ఏలే సుప్రీమ్ యాస్కిన్‌కు ఆ చుక్క కావాలి. ఆ పాత్రలో కమల్ హాసన్ తెరమీద కనిపించేది కాసేపే అయినా, ఆ గొంతులో ఆత్రం లేదు, కోపం లేదు. ఆకలి మాత్రం ఉంది, కడుపు నిండా తిన్నవాడి ఆకలి. కింద కాశీలో పిల్లలు తిండికి తిరుగుతుంటే, పైన ఒక ముసలివాడు ఇంకా పుట్టని పిల్లల ఆయువు తాగుతున్నాడు. బీభత్సం ఇక్కడుంది. రక్తం కనపడదు, పురుగులు కనపడవు, అంతా తెల్లగా శుభ్రంగా ఉంటుంది. అంత శుభ్రంగా ఉండటమే కడుపులో తిప్పుతుంది.

దీపికా పదుకోణె పోషించిన సమ్-80కి మాటలు తక్కువ. ఆమె నడకలో ఒక జాగ్రత్త ఉంది. కడుపు కనపడకుండా భుజాలు ముందుకు వంచడం, ఎవరైనా పక్కనుంచి వెళితే చెయ్యి తెలియకుండానే పొట్ట మీదకు పోవడం. బయటపడ్డాక ఆమె సుమతి అవుతుంది. కల్కి తల్లి పేరు సుమతి అని కల్కిపురాణం. మంటల్లోంచి ఆమె నడిచొచ్చే ఘట్టంలో సంతోష్ నారాయణన్ సంగీతం కాస్త ఎక్కువే మోగింది, కానీ ఆ ముఖంలోని భావం దాన్ని నిలబెట్టింది. ఆమె ముఖంలో దేవుడిని మోస్తున్న గర్వం లేదు, బిడ్డ దక్కితే చాలన్న భయం ఉంది. వాత్సల్యం, భయం ఒకే ముఖం మీద కనపడటం అరుదు. ఈ ఘట్టానికి అదే కరుణ రసం.

మన దేశంలో వాణిజ్య సరొగసీని నిషేధిస్తూ చట్టం వచ్చింది 2021లోనే. అంటే ఆ రోజు దాకా గర్భం అద్దెకిచ్చుకోవడం చట్టం కాదనని వ్యవహారం. డబ్బు లేని ఆడమనిషి దేహం డబ్బున్నవాళ్ల కోరికకు పనిముట్టు కావడం మనకు సైన్స్ ఫిక్షన్ చెప్పాల్సిన సంగతి కాదు. కోనసీమ నుంచి, నరసాపురం చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లను అడగండి. పాస్‌పోర్టు యజమాని బీరువాలో, మనిషి వంటింట్లో. వాళ్లు పంపిన డబ్బుతో ఇక్కడ డాబాలు లేచాయి, పిల్లలు ఇంజనీరింగ్ చదివారు, అది కూడా నిజమే. కాంప్లెక్స్‌లో కూడా కొందరికి బాగానే ఉంటుంది.

ఇక అశ్వత్థామ. భారతం తెలుగులోకి దిగింది రాజమహేంద్రవరంలోనే. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ మొదలుపెట్టాడు. సౌప్తిక పర్వం దాకా రావడానికి తిక్కన కావలసి వచ్చింది. నిద్రపోతున్నవాళ్లను చంపి, ఆపైన ఉత్తర గర్భంలోని శిశువు మీద అస్త్రం వేసినవాడు అశ్వత్థామ. యుద్ధం ముగిశాక, గెలుపూ ఓటమీ తేలిపోయాక, ఇక దేనికీ అవసరం లేని హింస అది. పుట్టని బిడ్డ మీద పగ. కృష్ణుడి శాపం అందుకే అంత కఠినం. సినిమా ఆ శాపంతోనే మొదలవుతుంది. సినిమా లెక్కలో ఆరు వేల ఏళ్లు గడిచి, మానని గాయాలతో, గుడ్డలు చుట్టుకుని, అదే మనిషి ఇంకో గర్భానికి కాపలా నిలబడతాడు. గర్భాన్ని చంపబోయినవాడే గర్భాన్ని కాయాలి. పాపం చేసిన చోటే ప్రాయశ్చిత్తం జరగాలన్న ఈ ఊహ వ్యాసుడికి నచ్చి ఉండేది. ఇందులో అవతార కథ కన్నా ధర్మశాస్త్రం ఎక్కువ ఉంది. పైగా కాంప్లెక్స్ చేస్తున్నది కూడా అశ్వత్థామ చేసిన పనే. ఆ రోజు పగతో ఒక్కసారి వేసిన అస్త్రాన్ని ఇప్పుడు శాస్త్రం పేరుతో రోజూ వేస్తున్నారు. పురాణాన్ని సైన్స్‌తో కలిపారని అందరూ మెచ్చుకున్నారు. కలిపిన అతుకు ఎక్కడుందో చాలామంది చెప్పలేదు. అతుకు ఇక్కడుంది, గర్భం దగ్గర.

అమితాబ్ బచ్చన్ ఈ పాత్రను ఎనభై దాటిన వయసులో చేశారు. కంప్యూటర్ ఆయనను ఇంకా పొడుగు చేసింది, మొదట్లో కుర్రవాడి ముఖం తగిలించింది. ఆ ముఖం కన్నా గాయాల ముఖమే నాకు నచ్చింది. పోరాట దృశ్యాల్లో కన్నా, చావు కోసం ఎదురుచూసి చూసి విసిగిపోయిన మనిషి మళ్లీ పని దొరికినందుకు నెమ్మదిగా లేచి నిలబడే ఆ తీరులో నటుడు కనిపిస్తాడు. రౌద్రం నుంచి శాంతం వైపు నడిచే పాత్ర అది. తెలుగు తెరమీద చాలాకాలానికి కనిపించింది.

'కల్కి'కి తెలుగులో ఒక పెద్దన్న ఉంది. సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369', 1991 జూలై 18న విడుదలైంది. కాలయంత్రంలో రాయల కాలానికి వెళ్లిన కథగానే మనం దాన్ని గుర్తుపెట్టుకున్నాం. కానీ ఆ యంత్రం 2504కి కూడా వెళుతుంది. మూడో ప్రపంచయుద్ధం జరిగిపోయింది, నేల మీద అణుధార్మికత, మనుషులంతా భూమి లోపల బతుకుతున్నారు. మాటలు రాసింది మన నరసాపురంలో పుట్టిన జంధ్యాల. ఆ సింగీతమే ముప్ఫై మూడేళ్ల తర్వాత వచ్చిన 'కల్కి' స్క్రిప్టుకు పెద్దదిక్కుగా ఉన్నారు. రెండు భవిష్యత్తులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తడుతుంది. 1991 నాటి పీడకలలో అందరూ కిందికి పోయారు. కష్టం ఉమ్మడి. 2024 నాటి పీడకలలో కొందరు పైకి పోయారు, మిగిలినవాళ్లను కింద వదిలేశారు. 'ఆదిత్య' థియేటర్లలోకి వచ్చిన వారంలోపే, జూలై 24న, మన్మోహన్ సింగ్ ఆర్థిక సంస్కరణల బడ్జెట్ పెట్టారు. సినిమాకు బడ్జెట్‌కు సంబంధం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. మన భయం మారిపోయింది, అంతే. ఒకప్పుడు లోకమంతా ఒకేసారి పోతుందేమోనని భయపడ్డాం. ఇప్పుడు మనల్ని వదిలేసి లోకం వెళ్లిపోతుందేమోనని భయపడుతున్నాం.

లోపాలు లేవా? చాలా ఉన్నాయి. అతిథి పాత్రల ఊరేగింపులో కథ ఆగి ఆగి నడుస్తుంది. రాజమౌళి వచ్చారు, రాంగోపాల్ వర్మ వచ్చారు, థియేటర్లో ఈలలు మోగాయి, కాశీ బాధ కాసేపు పక్కకు జరిగింది. శంబల అన్న ఆశ్రయపురాన్ని దర్శకుడు కాశి అంత ఇష్టంగా ఊహించలేదు. అన్ని మతాలవాళ్లు, దిక్కులేనివాళ్లు దాక్కున్న చోటు అది. వాళ్లు ఏం పండించుకుంటారు, నీళ్లు ఎలా పంచుకుంటారు, ఎవరు వండుతారు, ఎవరు వడ్డిస్తారు అన్నది చూపిస్తే చాలు, కాంప్లెక్స్‌కు జవాబు దొరికేది. శోభన, పశుపతి లాంటి నటులు ఉండి కూడా శంబల ఎక్కువగా యుద్ధానికి రంగస్థలంగానే మిగిలిపోయింది. నరకాన్ని ఊహించడం ఎప్పుడూ తేలికే కాబోలు. హాలీవుడ్ ఎడారి సినిమాల నీడలు కూడా అక్కడక్కడా పడ్డాయి. పిల్లలు పుట్టని లోకంలో ఒక్క గర్భిణిని కాపాడటం అన్న ఊహను 2006లో ఆల్ఫాన్సో క్వారోన్ 'చిల్డ్రన్ ఆఫ్ మెన్'లో ఇంతకన్నా పొదుపుగా, ఇంతకన్నా గుండె పట్టేలా చెప్పాడు. అయినా ఆ సినిమాలో అశ్వత్థామ లేడు. ఒక జాతి తన పాత పాపాన్ని గుర్తుపెట్టుకుని భవిష్యత్తులోకి మోసుకెళ్లడం అందులో లేదు.

చివరికి భైరవ దగ్గరికి రావాలి. ప్రభాస్ కుటుంబానిది మొగల్తూరు. భీమవరం, నరసాపురం థియేటర్ల దగ్గర ఆయన సినిమా వస్తే ఏం జరుగుతుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటి నటుడికి దర్శకుడు ఇచ్చిన పాత్ర ఒక కూలి వేటగాడు. కాశిని రక్షించాలని అతనికి లేదు, జనం బాధ అతనికి పట్టదు. యూనిట్లు పోగేసుకుని కాంప్లెక్స్‌లోకి వెళ్లిపోవాలి, అంతే. అందుకోసం గర్భిణిని కూడా పట్టిచ్చేందుకు సిద్ధం. మన తెలుగు హీరో మొదటి సీన్లోనే పది మందికి అన్నం పెట్టాలి, ఒక ముసలమ్మ చేత ఆశీర్వాదం అందుకోవాలి. ఇతనికి అవేమీ లేవు. అభిమానులు ఒప్పుకుంటారా అని నాకు అనుమానం ఉండేది. బ్రహ్మాండంగా ఒప్పుకున్నారు. ఎందుకంటే ఆ కోరిక అర్థం కానివాడు ఆ హాల్లో ఎవరూ లేరు. ఏజెంటుకు లక్షలు కట్టి వీసా కోసం కూర్చున్నవాడు, ఎకరం అమ్మి కొడుకును అమెరికా పంపినవాడు, వరి చేను చెరువుగా మార్చి రొయ్య ధర మీద ఆశ పెట్టుకున్నవాడు, అందరూ భైరవ మనుషులే. 2011 సార్వాలో కోనసీమ రైతులు నీళ్లుండి కూడా పంట వేయకుండా చేలను ఖాళీగా వదిలేశారు. వరి గిట్టదు, చేతికి డబ్బు మిగలదు అన్నారు. ఇక్కడే ఉండి బాగుపడగలం అన్న నమ్మకం పోయినప్పుడు మనిషి తలెత్తి చూసేది పైనున్న దాన్నే.

దర్శకుడు ఆ భైరవ లోపల కర్ణుడిని పెట్టాడు. ఆఖర్లో అది బయటపడినప్పుడు థియేటర్ దద్దరిల్లింది. ఉత్సాహంలో ఒక సంగతి మరుగున పడిపోయింది. కర్ణుడు చెడ్డవాడు కాదు, తనను మనిషిగా చూడని లోకంలో ఎవరు చోటిస్తే వాళ్ల పక్షాన నిలబడ్డాడు. దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చాడు, ఆ కృతజ్ఞత కోసం నిండు సభలో ద్రౌపది మీద నోరు జారాడు, అభిమన్యుడిని చుట్టుముట్టినవాళ్లలో నిలబడ్డాడు. భైరవకు కాంప్లెక్స్ ఇవ్వజూపింది కూడా అలాంటి చోటే. అందుకే ఈ ఊహ నాకు హీరోయిజం కన్నా పెద్ద నిందలా తోచింది, మనందరి మీదా. ఈ భాగం ముగిసేసరికి యాస్కిన్ చేతికి గాండీవం వచ్చింది, రెండో భాగంలో ఎదురుగా కర్ణుడు ఉండాలి. అర్జునుడి విల్లు అన్యాయం చేతికి పోయి, కర్ణుడు ధర్మం వైపు రావలసిన లెక్క అది. వస్తాడనే అభిమానులంతా అనుకుంటున్నారు. పైకి వెళ్లాలన్న ఆ కోరికను అతను ఏ ఘట్టంలో, దేన్ని చూసి వదులుకుంటాడో నాగ్ అశ్విన్ నమ్మించగలిగితేనే ఈ కథ నిలబడుతుంది. విల్లెక్కుపెట్టి నాలుగు బాణాలు వేయించి, నేపథ్యంలో శంఖాలు మోగించి దాటేస్తే మాత్రం ఒప్పుకోను.